ఫ్రిట్జ్ హేబర్ – చేయి చాపిన శత్రువులు

మన సైన్సు పుస్తకంలో అమ్మోనియా దగ్గర హేబర్ పద్ధతి అని ఉంటుంది. సమీకరణం రాయమంటే అందరం రాసేస్తాం, మార్కులూ పడతాయి. కానీ ఆ హేబర్ ఎవరో, చివరికి ఏమయ్యాడో అందులో లేదు. లైబ్రరీ బీరువాలో వెతికీ, సైన్సు మాస్టారిని అడిగీ నేను తెలుసుకున్నది రాస్తున్నాను. ఈ కథ చెప్పాక మా గదిలో రెండు రాత్రులు వాదన జరిగింది. స్టడీ అవర్లో మాట్లాడినందుకు వార్డెన్ సారు చేత తిట్లు కూడా తిన్నాం. అందుకే ఈసారి గోడ మీద పెడుతున్నా.

హేబర్ 1868 డిసెంబర్ 9న బ్రెస్లా అనే ఊళ్లో ఒక యూదుల ఇంట పుట్టాడు. అప్పుడా ఊరు జర్మన్లది, ఇప్పుడు పోలెండ్‌లో ఉంది. పుట్టిన మూడు వారాలకే తల్లి చనిపోయింది. తండ్రి రంగుల వ్యాపారి. ఇరవై నాలుగేళ్లు నిండకుండానే హేబర్ మతం మారి క్రైస్తవుడయ్యాడు. ఆయనకి జర్మనీ అంటే ప్రాణం. దేశం ఏం అడిగితే అది చెయ్యటమే ధర్మం అనుకునేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. అయినా వరికి అది అందదు. కంది, చిక్కుడులాంటి వాటికైతే వేళ్ల బుడిపెల్లో బాక్టీరియా పట్టి ఇస్తుంది. ఆ రోజుల్లో యూరప్ రైతులు దక్షిణ అమెరికాలోని చిలీ దేశం నుంచి ఓడల్లో వచ్చే సురేకారం మీద ఆధారపడేవాళ్లు. 1909 జులైలో కార్ల్స్‌రూహెలో హేబర్ గాలిలోని నత్రజనిని, హైడ్రోజన్‌ని బాగా వేడి చేసి, గాలి పీడనానికి సుమారు రెండు వందల రెట్లు ఒత్తిడి పెట్టి, ఉత్ప్రేరకం మీదుగా పంపి అమ్మోనియా చుక్కలు చుక్కలుగా తీసి చూపించాడు. ఆ యంత్రం తయారీలో ఆయన కుడి భుజం రాబర్ట్ ల రొసిన్యోల్, బ్రిటిష్ వాడు. కార్ల్ బాష్ దాన్ని పెద్ద ఫ్యాక్టరీగా చేశాడు. 1913లో ఓప్పావ్‌లో పని మొదలైంది. మా నాన్న మడిలో చల్లే యూరియా ఆ అమ్మోనియా నుంచే వస్తుంది. బస్తా మీద 46 శాతం నత్రజని అని ఉంటుంది చూడండి. ఇవాళ ప్రపంచంలో దగ్గర దగ్గర సగం మంది తిండి ఈ పద్ధతి మీదే నడుస్తోందని లెక్కలు వేసినవాళ్లు చెప్తారు.

1914లో యుద్ధం వచ్చింది. ఇంగ్లండు నౌకలు చిలీ సరుకు జర్మనీకి చేరకుండా అడ్డుకున్నాయి. అప్పుడు అదే అమ్మోనియా నుంచి నైట్రిక్ ఆమ్లం, దాన్నుంచి పేలుడు మందు తయారుచేశారు. ఎరువు కోసం పుట్టిన పద్ధతి లేకపోతే జర్మనీ అన్నేళ్లు యుద్ధం చెయ్యగలిగేది కాదు.

అంతటితో ఆగితే బాగుండేది. బావిలో బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు ఒక వాసన వస్తుంది కదా, అది క్లోరిన్ వాసన. దాన్ని శత్రువుల మీదికి వదలొచ్చని చెప్పి, దగ్గరుండి జరిపించినవాడు హేబరే. 1915 ఏప్రిల్ 22 సాయంత్రం బెల్జియంలోని ఈప్ర్ దగ్గర ఐదు వేలకు పైగా సిలిండర్ల నుంచి సుమారు 150 టన్నుల గ్యాస్ వదిలారు. క్లోరిన్ గాలికన్నా బరువు, అందుకని నేరుగా కందకాల్లోకి దిగింది. అందులో ఉన్నది ఫ్రెంచి వాళ్లు, అల్జీరియా వాళ్లు. ఊపిరాడక చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత అక్కడికే మన దేశపు లాహోర్ డివిజన్ సైనికులు వెళ్లారు. వాళ్లకీ ఆ గ్యాస్ తగిలింది. అందులో మీర్ దస్త్ అనే జమాదారు గ్యాస్ పీల్చి కూడా ఎనిమిదిమంది అధికారుల్ని మోసుకొచ్చాడు. ఆయనకి విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

హేబర్ భార్య క్లారా కూడా రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందిన మనిషి. 1915 మే 2న భర్త తుపాకితోనే కాల్చుకొని చనిపోయింది. గ్యాస్ వల్లే అని కొందరు అంటారు, కాపురంలో బాధలూ ఉన్నాయి. హేబర్ మాత్రం వెంటనే తూర్పు యుద్ధరంగానికి వెళ్లిపోయాడు. ఇక్కడ నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

యుద్ధంలో జర్మనీ ఓడింది. అమ్మోనియాకి 1918 సంవత్సరపు నోబెల్ ఇచ్చినప్పుడు చాలామంది తప్పుపట్టారు. 1921లో హెరాల్డ్ హార్ట్లీ అనే ఇంగ్లీషు అధికారి జర్మనీ వెళ్లి హేబర్‌ని కలిశాడు. యుద్ధంలో ఆయన తమ సైన్యం తరఫున గ్యాస్ వ్యవహారాలే చూసినవాడు. కలిశాక ఇద్దరూ స్నేహితులయ్యారు.

1933లో హిట్లర్ వచ్చాడు. యూదుల్ని ఉద్యోగాల్లోంచి తీసెయ్యమని చట్టం చేశాడు. హేబర్ యుద్ధంలో పనిచేశాడు కాబట్టి ఉండిపోవచ్చు, కానీ తన కింద ఉన్న యూదుల్ని పంపెయ్యాలి. ఆయన అది చెయ్యకుండా రాజీనామా ఇచ్చేశాడు. ప్రాణం పెట్టిన దేశం పొమ్మంది. రమ్మన్నదెవరు? కేంబ్రిడ్జికి పిలిచింది విలియం పోప్. యుద్ధంలో ఇంగ్లండుకి మస్టర్డ్ గ్యాస్ తయారీ మార్గం కనిపెట్టినవాడు. పాలస్తీనాలోని రెహోవోత్‌కి పిలిచింది వైజ్‌మన్. ఇంగ్లండు ఫిరంగి మందుకి అసిటోన్ చేసిచ్చినవాడు. అందరూ పాత శత్రువులే.

రూథర్‌ఫర్డ్ మాత్రం హేబర్‌ని కలవనన్నాడు. ఆయనేం రాయి గుండె మనిషి కాదు. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన శాస్త్రవేత్తల్ని ఆదుకునే సంఘానికి అధ్యక్షుడే ఆయన. అయినా గ్యాస్ వదిలినవాడితో చేయి కలపనన్నాడు.

హేబర్ కేంబ్రిడ్జిలో కొద్ది నెలలే ఉన్నాడు. 1934 జనవరి 29న స్విట్జర్లాండులోని బాసెల్‌లో గుండె జబ్బుతో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం క్లారా అస్థికలు కూడా తెచ్చి పక్కనే పెట్టారు. ఆయన సంస్థలో పురుగుల్ని చంపటానికి మొదలైన పరిశోధన నుంచి జైక్లాన్ అనే విషం వచ్చింది. తర్వాత నాజీలు దానితోనే లక్షలమంది యూదుల్ని చంపారు. హేబర్ బంధువులూ ఆ శిబిరాల్లో పోయారు. అది చూడకుండానే ఆయన వెళ్లిపోయాడు.

ఇక మా వాదన. పోప్, హార్ట్లీ కూడా అదే పని చేసినవాళ్లు కాబట్టి హేబర్ బాధ తెలిసింది, అందుకే చేయి చాపారు అని నేనన్నాను. దొంగకి దొంగ తోడు, అందులో గొప్పేముంది అని నా పక్క మంచం వాడు అన్నాడు. కందకంలో గ్యాస్ పీల్చినవాళ్లని ఎవరైనా అడిగారా అని ఇంకొకడు అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికి నలుగురు రూథర్‌ఫర్డ్ వైపు, ముగ్గురం పోప్ వైపు. కింద కాగితం ఖాళీగా వదిలాను. మీరు ఎటో పెన్సిలుతో రాయండి. గోడ మీద కాదు, కాగితం మీదే.