బెర్తా బెంజ్: మోటారు బండికి దారి చూపిన ఇల్లాలు

నైరుతి జర్మనీలో, ఆనాటి బాడెన్ సంస్థానానికి చెందిన ఫోర్జ్‌హైమ్ పట్టణంలో, 1849 మే 3వ తేదీన ఒక సంపన్న గృహనిర్మాత ఇంట ఆడశిశువు జన్మించింది. ఆమెకు బెర్తా అని పేరు పెట్టారు. కొంత పెద్దదైన పిమ్మట ఆమె కుటుంబపు బైబిలులో తన పుట్టుకను నమోదు చేసిన పుటను చూచిందట. దురదృష్టవశాత్తు మళ్ళీ ఆడపిల్లే కలిగిందని తండ్రి అందులో వ్రాసుకొన్నాడనీ, ఆ మాట బాలిక మనస్సులో ములుకువలె నాటుకొన్నదనీ చెబుతారు. ఆడపిల్ల ఏమి చేయగలదో లోకానికి చూపించే అవకాశం ఆమెకు ముప్పయి తొమ్మిదవ ఏట లభించింది.

యౌవనంలో ఆమె కార్ల్ బెంజ్ అనే యువ ఇంజనీరును వరించింది. ఆయన వద్ద ధనం లేదు. గుర్రాలు లేకుండా నడిచే బండిని నిర్మించాలనే కల మాత్రం ఉన్నది. 1871లో మాన్‌హైమ్ నగరంలో ఒక భాగస్వామితో కలిసి ఆయన స్థాపించిన యంత్రశాల కొద్దికాలానికే చిక్కులలో పడింది. వివాహానికి ముందే బెర్తా తనకు కట్నంగా రావలసిన సొమ్మును తెప్పించి, ఆ భాగస్వామి వాటాను కొనిపించి, కర్మశాలను నిలబెట్టింది. 1872 జూలై 20న వారి వివాహం జరిగింది. ఆనాటి చట్టరీత్యా వివాహిత స్త్రీకి వ్యాపారంలో స్వతంత్రమైన హక్కులు దాదాపు లేవు. తన ధనంతో నిలిచిన కర్మశాలలో ఆమె పేరుకు చోటు లేకపోయింది.

తరువాతి సంవత్సరాలు దారిద్ర్యంతోనూ, నిరీక్షణతోనూ గడిచాయి. 1879వ సంవత్సరం చివరి రాత్రి దంపతులిద్దరూ మరొకసారి ప్రయత్నిద్దామని కర్మశాలకు వెళ్ళారు. అంతవరకు మొండికేసిన ఇంజను ఆ రాత్రి ఆగకుండా తిరిగింది. అటుపిమ్మట బెంజ్ మూడు చక్రాల మోటారు బండిని నిర్మించి, 1886 జనవరి 29న 37435 సంఖ్యగల పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆ తొలి బండిలో ఉన్నది ఒకే సిలిండరు. దాని బలం ఒక అశ్వశక్తికైనా తక్కువ. వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు.

యంత్రం సిద్ధమైనది గాని, దానిని నమ్మేవారు కరవయ్యారు. నగర వీధులలో కొద్ది దూరం నడిచి ఆగిపోయే ఆ బండిని జనం వింతగా చూచేవారే తప్ప కొనేవారు కారు. బెంజ్ లోపాలను సవరించుకొంటూ కర్మశాలలోనే ఉండిపోయే స్వభావం గలవాడు. ఇట్లే సాగితే పదిహేనేండ్ల శ్రమా, కట్నపు సొమ్మూ వృథా కాగలవని బెర్తా గ్రహించింది. ఈ బండి దూరప్రయాణానికి పనికి వస్తుందని ఎవరైనా నడిపి చూపాలి. ఆ పనికి ఆమే పూనుకొన్నది.

1888 ఆగస్టు మాసంలో ఒకనాడు వేకువజామున, భర్త నిద్ర లేవకముందే, ఆమె తన కుమారులు యూజెన్, రిచర్డ్‌లను వెంటబెట్టుకొని బండిని బయటకు తీసింది. పెద్దవాడికి పదిహేనేండ్లు, చిన్నవాడికి పదమూడు. గమ్యం ఆమె తల్లి నివసిస్తున్న ఫోర్జ్‌హైమ్. దూరం సుమారు 106 కిలోమీటర్లు. అవి గుర్రపు బండ్లకు వేసిన మట్టిదారులు. దారిలో పెట్రోలు అంగళ్ళు లేవు. మరమ్మతు చేసేవారు అంతకన్నా లేరు.

మొదట వేధించినది నీటి సమస్య. ఇంజను సిలిండరు చుట్టూ నీరు నింపిన తొడుగు ఉండేది. నేటి కార్లలోవలె వేడినీటిని చల్లార్చి తిరిగి పంపే రేడియేటరు ఆనాడు లేదు. నీరు మరిగి ఆవిరిగా పోతూ ఉంటేనే ఇంజను చల్లబడుతుంది. ఒక గ్రాము మరుగునీరు ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీల ఉష్ణాన్ని గ్రహిస్తుందని భౌతికశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. కనుక నీరున్నంతవరకు యంత్రానికి రక్షణ ఉన్నది. నీరు ఇంకిపోతే మాత్రం సిలిండరు మితిమీరి కాగుతుంది, కందెన నూనె పలచబడి మాడుతుంది, పిస్టను బిగుసుకుపోతుంది. అందుచేత ఆ తల్లీబిడ్డలు ఊరి బావి కనబడినా, పూటకూళ్ళ ఇల్లు కనబడినా, దారిప్రక్క వాగు కనబడినా బండి ఆపి నీరు పోసుకొంటూ సాగారు.

ఇంధనమూ అంతే. బండిలో పట్టే ఇంధనం కొద్ది లీటర్లే. వీస్లోఖ్ అనే ఊరిలో మందుల దుకాణానికి వెళ్ళి, బట్టల మరకలు తీయడానికి అమ్మే లిగ్రోయిన్ అనే పెట్రోలియం ద్రవాన్ని ఆమె కొన్నది. ప్రపంచంలో తొలి పెట్రోలు అంగడి అదేనని నేటికీ ఆ ఊరివారు గర్వంగా చెప్పుకొంటారు.

మరికొంత దూరం పోగా ఇంజను మొరాయించింది. ఇంధనం వచ్చే సన్నని గొట్టంలో మలినం అడ్డుపడింది. టోపీకి గుచ్చుకొనే పొడవైన సూదిని తీసి, బెర్తా ఆ గొట్టాన్ని శుభ్రం చేసింది.

జ్వలనంలో కలిగిన లోపం ఇంతకన్న సూక్ష్మమైనది. ఆ ఇంజనులో బ్యాటరీ నుండి వచ్చే విద్యుత్తును ఒక తీగచుట్ట అధిక పీడనానికి పెంచి, సిలిండరులోని రెండు లోహపు మొనల మధ్య నిప్పురవ్వగా దూకిస్తుంది. ఆ రవ్వతోనే ఇంధన వాయువు మండుతుంది. ప్రయాణపు కుదుపులకు ఆ తీగపై తొడుగు రాసుకొని అరిగిపోయింది. నగ్నమైన తీగ బండి లోహానికి తగిలితే విద్యుత్తు సులభమైన ఆ మార్గాన్నే పట్టి జారిపోతుంది; మొనల మధ్య రవ్వ పుట్టదు. పెద్ద విరుపేదీ కంటికి కనిపించదు గాని ఇంజను నిర్జీవమవుతుంది. లోపమెక్కడో కనిపెట్టిన తరువాత, మేజోళ్ళు జారకుండా కట్టుకొనే పట్టీని విప్పి ఆ తీగకు చుట్టి, బెర్తా ఇంజనుకు మళ్ళీ ప్రాణం పోసింది.

గొలుసు చెడినప్పుడు ఒక కమ్మరి సహాయం చేశాడు. వాలులలో కొయ్య బ్రేకులు అరిగిపోగా, చెప్పులు కుట్టేవానిచేత వాటికి తోలు కొట్టించింది. ఎత్తులు వచ్చినచోట దిగి బండిని నెట్టక తప్పలేదు. చీకటి పడే వేళకు ముగ్గురూ దుమ్ము కొట్టుకొని ఫోర్జ్‌హైమ్ చేరారు. క్షేమంగా చేరినట్లు భర్తకు తంతి పంపారు. కొన్ని దినాల అనంతరం అదే బండిలో ఇంటికి తిరిగి వచ్చారు.

ఆమె తెచ్చిన వార్త కేవలం విజయవార్త కాదు. యంత్రంలోని లోపాల పట్టిక కూడాను. కొండదారుల కోసం మరొక తక్కువ గేరు అవసరమని తేలింది; బెంజ్ దానిని అమర్చాడు. తోలు తొడిగిన బ్రేకు వాహన నిర్మాణంలో ఒక మెట్టు అయినది. మోటారు బండి వినోద వస్తువు కాదన్న సంగతి జనానికి తెలియవచ్చింది. 1899లో బెంజ్ కర్మాగారం 572 వాహనాలను తయారు చేసి ప్రపంచంలో అగ్రస్థానాన నిలిచింది.

బెంజ్ దంపతులు చివరి దశలో లాడెన్‌బుర్గ్‌లో నివసించారు. 1929 ఏప్రిల్ 4న కార్ల్ మరణించాడు. 1944 మే 3న, బెర్తా తొంబదియైదవ జన్మదినాన, కార్ల్‌స్రూహే సాంకేతిక విద్యాపీఠం ఆమెను గౌరవ సెనేటరుగా సన్మానించింది. రెండు దినాల పిమ్మట, మే 5న, ఆమె కన్నుమూసింది. ఆమె పయనించిన మార్గాన్ని 2008లో బెర్తా బెంజ్ స్మారక మార్గంగా గుర్తించారు. రాకపోకలకు కలిపి అది 194 కిలోమీటర్లు.

పేటెంటు పత్రం మీద బెర్తా పేరు లేదు. కాని నిర్మించినంత మాత్రాన యంత్రం లోకానికి ఉపకరించదు. దానిని కర్మశాల గడప దాటించి, దారిలో అది ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో ఓర్పుతో కనిపెట్టి, చేతనున్న వస్తువుతో సరిదిద్ది, మళ్ళీ ముందుకు నడిపేవారు కావాలి. ఆడపిల్లే కదా అని నిరాశ చెందిన తండ్రి ఊరికే ఆమె ఆ బండిని నడిపించుకొని వచ్చింది. బైబిలు పుటలోని ఆ మాటకు అంతకు మించిన సమాధానం మరొకటి అక్కరలేదు.