సరిహద్దు దాటిన విద్యార్థి

ఓరుగల్లును చూడబోయినవారు కోటలోని శిలాతోరణములను, హనుమకొండలో 1163వ సంవత్సరమున రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడిని చూడక మరలిరారు. ఆ గుడి యున్న హనుమకొండలోనే, 1930 తరువాతి సంవత్సరములలో, ఒక పల్లెటూరి బాలుడు చదువుకొనుచుండెను. అతడే పాములపర్తి వేంకట నరసింహారావు. పిమ్మట 1991 మొదలు 1996 వరకు భారతదేశమునకు ప్రధానమంత్రిగా నుండిన పి.వి.గారు వీరే.

ఆయన 1921 జూన్ 28వ తేదీన నర్సంపేట సమీపమునగల లక్నేపల్లిలో జన్మించి, దత్తతకు పోయి వంగర గ్రామమున పెరిగిరి. ఈ గ్రామములు నాడు నిజాము రాజ్యములోనివి. ఆ రాజ్యమును గూర్చి నేటి బాలురకు కొంత చెప్పవలసియున్నది. దానికి వేరు నాణెములు, వేరు తపాలాబిళ్లలు ఉండెడివి. నూరు బ్రిటిషు రూపాయలు కావలెనన్నచో 116కు పైగా హాలీ రూపాయలు ఇచ్చుకొనవలెను. పై తరగతులలో చదువు ఉర్దూలో సాగెడిది. ఇంట తెలుగు మాటలాడు పిల్లవాడు బడిలో గణితమును, చరిత్రను ఉర్దూలో వల్లెవేయవలెను. నరసింహారావుగారు దీనిని కష్టముగా నెంచక ఆ భాషలో మంచి ప్రవేశము సంపాదించిరి.

1938వ సంవత్సరాంతమున హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములందు విద్యార్థులు వందేమాతరగీతము పాడిరి. అధికారులు దానిని నిషేధించిరి. నిషేధమును లెక్కసేయక పాడినవారిని విద్యాలయములనుండి వెడలగొట్టిరి. ఈ సంచలనము హనుమకొండకును ప్రాకెను. అచ్చటి ఇంటర్మీడియెట్ కళాశాలలో చదువుచున్న నరసింహారావుగారు పాడినవారిలో నుండిరి, బహిష్కృతులలోను ఉండిరి. ఇంకను 18 ఏండ్లు నిండని బాలునకు ఇది చిన్న శిక్ష కాదు. రాజ్యమునకంతకు ఉన్నది ఒకే విశ్వవిద్యాలయము. దాని తలుపులు మూసికొన్న పిదప చదువు మానుకొనవలెను, లేదా పొరుగు సీమకు పోవలెను.

అట్టి సమయమున నాగపూరు విశ్వవిద్యాలయము ఈ విద్యార్థులను చేర్చుకొనెను. అప్పుడు దాని ఉపాధ్యక్షులు టి.జె. కేదారుగారు. నరసింహారావుగారును అచ్చటికి పోయి ఇంటర్మీడియెట్ ముగించిరి. కాజీపేటనుండి ఉత్తరముగా పోవు రైలు వార్ధానదిని దాటి బల్లార్షా చేరును. నాడు ఆ నదియే సరిహద్దు. ఈవల నిజాము రాజ్యము. ఆవల బ్రిటిషువారి ఏలుబడిలోని మధ్యపరగణాలు. వంతెన దాటుటకు కొద్ది నిమిషములు చాలును. కాని దాటినవానికి నాణెము మారును, ప్రభుత్వము మారును, చుట్టుప్రక్కల వినబడు భాష మారును. నిన్నటివరకు ఉర్దూలో పాఠములు వినినవాడు ఇక ఇంగ్లీషులో పరీక్షలు వ్రాయవలెను.

తరువాత ఆయన పట్టపరీక్షకై నేడు పుణె యని పిలువబడు పూనానగరము చేరిరి. అది పీష్వాల రాజధాని. 1828వ సంవత్సరపు అగ్నిప్రమాదమునకు కాలిపోగా మిగిలిన శనివారవాడా ప్రాకారములు పూర్వవైభవమును తలపించుచు నిలిచియుండెను. కాకతీయుల శిథిలముల నడుమ పెరిగిన విద్యార్థికి ఇట్టి దృశ్యము క్రొత్త కాదు. అయితే ఆ నగరమున పాతగోడలతోపాటు క్రొత్త విద్యయు ఉండెను. తిలక్, ఆగర్కరు మున్నగువారి దీక్షాఫలముగా 1885లో వెలసిన ఫెర్గూసను కళాశాలలో నరసింహారావుగారు విజ్ఞానశాస్త్రములను అభ్యసించి బి.ఎస్‌సి. పట్టము పొందిరి. మరాఠీ భాషయు వారికి వశమయ్యెను. పిదప నాగపూరునకు మరలివచ్చి న్యాయశాస్త్రమును చదివిరి.

స్వస్థలమునకు తిరిగివచ్చి బూర్గుల రామకృష్ణారావుగారివద్ద న్యాయవాదవృత్తి నేర్చిరి. 1947, 48 సంవత్సరములలో హైదరాబాదు సంస్థాన విమోచనకై పోరాటము సాగినపుడు మరల ఆ సరిహద్దే దాటి, బల్లార్షాకు చేరువనున్న చాందాలోని కాంగ్రెసు శిబిరమున పనిచేసిరి. అనంతరము పాములపర్తి సదాశివరావుగారితో కలిసి ఓరుగల్లునుండి కాకతీయ పత్రికను నడపిరి.

రాజకీయములలో ఎంత తీరిక లేకున్నను ఆయన పుస్తకమును విడువలేదు. పూనావాసియైన హరినారాయణ ఆప్టేగారి మరాఠీ నవల యొకటి, ఆ కాలపు గృహములలో స్త్రీలు పడిన బాధలను వర్ణించునది, వారి చేతిమీదుగా అబలా జీవితము అను పేర తెలుగైనది. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలను సహస్రఫణ్ అను పేర వారే హిందీలోనికి అనువదించిరి. మొదటిది పరసీమనుండి ఇంటికి తెచ్చినది. రెండవది ఇంటినుండి బయటికి పంపినది.

నరసింహారావుగారు 2004 డిసెంబరు 23వ తేదీన ఢిల్లీలో మరణించిరి. 2024వ సంవత్సరమున భారత ప్రభుత్వము వారికి భారతరత్న బిరుదము నొసగెను.