ఓటుహక్కు యోధురాలు ఫానీ లూ హేమర్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బానిసత్వం 1865లో రద్దయింది. జాతి, వర్ణం కారణంగా ఎవరికీ ఓటుహక్కును నిరాకరించరాదని 1870లో ఆ దేశ రాజ్యాంగానికి పదిహేనవ సవరణ జరిగింది. కాని ఆ దేశంలో ఓటర్ల నమోదు, ఎన్నికల నిర్వహణ ప్రధానంగా రాష్ట్రాల చేతిలోని పనులు. ఈ అధికారాన్ని ఆసరాగా చేసుకొని దక్షిణాది రాష్ట్రాలు జాతీయ రాజ్యాంగం ప్రసాదించిన హక్కును తమ చట్టాలతో హరించివేశాయి. 1890లో మిసిసిపి రాష్ట్రం తనకొక కొత్త రాజ్యాంగాన్ని రచించుకుంది. నల్లజాతివారు ఓటు వేయరాదన్న మాట అందులో ఎక్కడా లేదు. ఓటరు కాదలచినవారు తలపన్ను చెల్లించి ఉండాలనీ, ఆ రాజ్యాంగంలోని ఏదైనా ఒక ప్రకరణను చదవగలిగి ఉండాలనీ, లేదా చదివి వినిపిస్తే గ్రహించగలగాలనీ మాత్రమే ఉంది. తరువాత 1950లలో ఈ నిబంధనను మరింత బిగించి, చదవడం, వ్రాయడంతోపాటు అర్థవివరణ కూడ ఇవ్వాలన్నారు. పైకి న్యాయంగా కనిపించే ఈ నియమాలే మూడు తరాల ప్రజలను ఎన్నికలకు దూరం చేశాయి. వాటిని ఎదిరించి నిలిచిన ఒక పత్తికూలీ కథ ఇది.

ఫానీ లూ 1917 అక్టోబరు 6న మిసిసిపిలోని మాంట్‌గమరీ కౌంటీలో జన్మించింది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. జేమ్స్ లీ టౌన్‌సెండ్, లూ ఎల్లా దంపతుల ఇరవైమంది సంతానంలో ఆమె కడగొట్టు బిడ్డ. ఆమెకు రెండేండ్ల వయస్సులో కుటుంబం సన్‌ఫ్లవర్ కౌంటీకి తరలివెళ్ళింది. వారు పాలుకు సేద్యం చేసేవారు. భూమి దొరది, విత్తనాలకూ తిండిగింజలకూ అప్పు ఇచ్చేదీ దొరే, పంట చేతికి వచ్చాక లెక్క తేల్చేదీ దొరే. ఏడాది పొడవునా శ్రమించినా బాకీ తీరినట్లు ఆ లెక్కలో అరుదుగా కనిపించేది. ఆరేండ్ల ఫానీ లూకు భూస్వామి దుకాణంలోని తినుబండారాలు ఆశచూపి పత్తి ఏరించాడు. ఆనాడు పట్టిన పని నలభై నాలుగేండ్లు నిండేవరకు వదలలేదు. ఒకసారి తండ్రి పొదుపు చేసి, కంచర గాడిదలను, సేద్యపు పనిముట్లను సమకూర్చుకున్నాడు. ఎవరో మేతలో విషం కలిపి ఆ పశువులను చంపారు. ఆ దెబ్బతో కుటుంబం మరి కోలుకోలేదు.

పత్తి పనులు లేని నెలలలోనే నల్లపిల్లలకు బడి నడిచేది. పన్నెండేండ్ల ప్రాయంలో ఫానీ లూ చదువు ఆగిపోయింది. అయినా ఆమెకు అక్షరాల మీద మమకారం పోలేదు. బైబిలు చదువుతూ ఉండేది. 1944లో పెర్రీ హేమర్‌ను వివాహమాడి రూల్‌విల్ సమీపంలోని ఒక పెద్ద పత్తి కమతంలో కాపురం పెట్టింది. చదువు వచ్చినందున అక్కడ ఆమెకు కూలీల పనివేళలు, లెక్కలు వ్రాసే పని అప్పగించారు. 1961లో ఒక చిన్న శస్త్రచికిత్స కోసం ఆసుపత్రికి వెళ్ళగా, వైద్యుడు ఆమె అనుమతి లేకుండానే గర్భాశయాన్ని తొలగించాడు. పేద నల్లజాతి స్త్రీలకు ఆ ప్రాంతంలో ఇది అపూర్వమైన అనుభవమేమీ కాదు.

1962 ఆగస్టులో రూల్‌విల్ చర్చిలో ఒక సభ జరిగింది. అహింసాయుత విద్యార్థి సమన్వయ సంఘానికి చెందిన యువకులు ఓటు గురించి మాట్లాడారు. నల్లవారికీ ఓటుహక్కు ఉన్నదన్న సంగతి ఆమె మొదటిసారిగా విన్నది అక్కడే. ఆగస్టు 31న పదిహేడుగురితో కలిసి ఒక పాత బస్సులో కౌంటీ కేంద్రమైన ఇండియనోలాకు బయలుదేరింది.

అక్కడ జరిగిన పరీక్ష తీరును కొంత వివరంగా తెలుసుకోవలసి ఉన్నది. దరఖాస్తుపై పేరు, నివాసంతోపాటు యజమాని ఎవరో కూడ వ్రాయాలి. ఓటు వేయడానికి యజమాని పేరెందుకు? సమాధానం ఆ సాయంత్రమే తెలిసింది. తరువాత రిజిస్ట్రారు రాష్ట్ర రాజ్యాంగంలోని 285 ప్రకరణలలో తనకు తోచిన దానిని చూపుతాడు. ఆమెకు పదహారవ ప్రకరణ ఇచ్చాడు. దానిని చూచి వ్రాయడం వరకు ఆమె చేయగలిగింది. అందులోని న్యాయశాస్త్ర విషయం ఆమె ఎన్నడూ విననిది, అర్థం చెప్పలేకపోయింది. చెప్పినా అది సరియైనదో కాదో తేల్చేవాడు ఆ రిజిస్ట్రారు ఒక్కడే. సరియైన జవాబు ఇదీ అని ఎక్కడా వ్రాసి లేదు. కొద్దిపాటి చదువు గల తెల్లవారు సులభమైన ప్రకరణతో గట్టెక్కుతూండగా, పట్టభద్రులైన నల్లవారు సైతం తప్పేవారు. చట్టం కంటె చట్టాన్ని ప్రయోగించే చేయి ఎంత బలమైనదో ఇంతకు మించిన ఉదాహరణ చూపడం కష్టం.

తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సును ఆపారు. దాని రంగు పాఠశాల బస్సు వలె మరీ పసుపుగా ఉన్నదన్నది నేరం! డ్రైవరుకు వంద డాలర్ల జరిమానా విధించి, చివరకు ముప్ఫైకి తగ్గించారు. ప్రయాణికులే చందాలు వేసుకొని చెల్లించారు. భయంతో బిగుసుకుపోయిన వారి మధ్య హేమర్ క్రైస్తవ భక్తిగీతాలు అందుకుంది. ఆమె కంఠం ఉద్యమానికి మొదటిసారిగా వినిపించింది ఆనాడే.

ఆమె ఇల్లు చేరేసరికే భూస్వామికి వార్త అందింది. దరఖాస్తును వెనక్కి తీసుకోవాలి, లేదా కమతం విడిచిపోవాలి అన్నాడు. తాను నమోదుకు వెళ్ళినది అతని కోసం కాదనీ, తన కోసమనీ ఆమె బదులిచ్చింది. పద్ధెనిమిదేండ్లు పనిచేసిన చోటును ఆ రాత్రే వదిలింది. భర్త మాత్రం పంట ముగిసేవరకు అక్కడే ఉండవలసి వచ్చింది. సెప్టెంబరు 10న, ఆమెకు ఆశ్రయమిచ్చిన మిత్రుల ఇంటిపై ఆమెను ఉద్దేశించి పదహారు తూటాలు పేల్చారు. ఆమెకు ప్రాణహాని తప్పింది.

డిసెంబరులో ఆమె మళ్ళీ రిజిస్ట్రారు ఎదుటికి వెళ్ళింది. ఉత్తీర్ణురాలయ్యేదాకా ప్రతి ముప్ఫై దినాలకొకసారి వస్తానని ముందే చెప్పింది. ఉద్యోగమూ ఇల్లూ అప్పటికే పోయాయి కనుక వాటిని చూపి బెదిరించడానికి ఇక ఏమీ మిగలలేదు. ఈ నడుమ రాజ్యాంగ ప్రకరణలను ఆమె శ్రద్ధగా చదువుకుంది. 1963 జనవరిలో ఉత్తీర్ణురాలైనట్లు తెలిసింది. అయినా ఆ ఏడాది ఎన్నికలలో ఓటు వేయనీయలేదు. రెండేండ్లు తలపన్ను కట్టిన రసీదులు చూపాలట! నమోదే లేని మనిషి అంతకుముందు ఆ పన్ను ఎందుకు కడుతుంది?

1963 జూన్ 9న ఒక శిక్షణ శిబిరం నుండి తిరిగివస్తూండగా, వైనోనా పట్టణంలోని బస్‌స్టేషను వద్ద ఆమెనూ సహచరులనూ నిర్బంధించారు. అది ఆమె పుట్టిన మాంట్‌గమరీ కౌంటీయే. కారాగారంలో అధికారులు ఇద్దరు నల్లజాతి ఖైదీలకు తోలు లాఠీ ఇచ్చి ఆమెను కొట్టించారు. మూత్రపిండాలు, కంటిచూపు దెబ్బతిన్నాయి. ఆ బాధ జీవితాంతం వెన్నాడింది. నిందితులైన అధికారులను ఆ సంవత్సరాంతంలో జ్యూరీ నిర్దోషులని విడిచిపెట్టింది.

1964లో ఆమె, సహచరులు మిసిసిపి ఫ్రీడమ్ డెమొక్రటిక్ పార్టీని స్థాపించారు. రాష్ట్రంలోని డెమొక్రటిక్ పార్టీ నల్లవారిని వెలివేసింది కనుక అట్లాంటిక్ సిటీలో జరిగే జాతీయ మహాసభలో నిజమైన ప్రతినిధులము తామేనని వాదించారు. ఆగస్టు 22న అర్హతల సంఘం ముందు హేమర్ కాగితమైనా చూడక తన కథ చెప్పింది. ఆమె మాటలు దేశమంతటా ప్రసారమవుతూండగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హఠాత్తుగా విలేఖరుల ఎదుటికి వచ్చాడు. కెమెరాలు అటు తిరిగాయి. ఎత్తుగడ ఫలించలేదు. ఆ రాత్రి టెలివిజన్ సంస్థలు ఆమె సాక్ష్యాన్ని ప్రసారం చేశాయి. రాజీగా రెండు స్థానాలు ఇస్తామని నాయకులు అన్నారు. వచ్చినవారు అరవై ఎనిమిదిమంది. రెండు స్థానాల కోసం ఇంతదూరం రాలేదని ఆమె తిరస్కరించింది. పెద్దలు కొందరు ఇది మొండితనమన్నారు. రాజకీయ లౌక్యం దృష్ట్యా వారి మాట నిజమే కావచ్చు. కాని ఇల్లు పోగొట్టుకొని, దెబ్బలు తిని వచ్చిన వారిని లౌక్యం కోరడం భావ్యం కాదు.

మరుసటి ఏడు మార్చిలో అలబామా రాష్ట్రంలోని సెల్మాలో ఓటుహక్కు కోరి సాగిన పాదయాత్రికులపై పోలీసులు విరుచుకుపడ్డారు. దేశం కదిలింది. 1965 ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టం వచ్చింది. అది దక్షిణాదిలో చదువు పరీక్షలను నిలిపివేసింది. అవసరమైన కౌంటీలకు కేంద్రప్రభుత్వమే నమోదు అధికారులను పంపగలిగింది. వివక్ష చరిత్ర గల రాష్ట్రాలు ఎన్నికల నియమాలు మార్చదలిస్తే కేంద్ర అనుమతి ముందుగా పొందవలసి వచ్చింది. మిసిసిపిలో 1964లో వయోజనులైన నల్లవారిలో ఓటర్లు నూటికి ఏడుగురు కూడ లేరు. 1967 నాటికి వారు సుమారు అరవైమంది అయ్యారు.

తరువాతి సంవత్సరాలలో హేమర్ దృష్టి ఆకలిపైకి మళ్ళింది. ఓటు వేసిన కూలీని దొర పనిలోనుండి తీసివేస్తే తినడానికేమున్నది? 1969లో ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార వ్యవసాయ క్షేత్రాన్ని నెలకొల్పింది. పేద కుటుంబాలకు పందులను పెంపకానికి ఇచ్చి, పుట్టిన పిల్లలలో కొన్నింటిని మరొకరికి అందించే ఏర్పాటు చేసింది. 1971లో రాష్ట్ర సెనేటుకు పోటీచేసి ఓడిపోయింది. క్షేత్రం కూడ అప్పులతో, ప్రకృతి వైపరీత్యాలతో కొద్ది సంవత్సరాలకే మూతపడింది. అనారోగ్యంతో 1977 మార్చి 14న, తన యాభై తొమ్మిదవ యేట ఆమె కన్నుమూసింది.

2006లో ఓటుహక్కుల చట్టాన్ని మరి ఇరవై ఐదేండ్లు పొడిగించినప్పుడు ఆ పొడిగింపు చట్టానికి రోజా పార్క్స్, కొరెట్టా స్కాట్ కింగ్‌ల పేర్లతోపాటు హేమర్ పేరును కూడ చేర్చారు. 2013లో అమెరికా సుప్రీంకోర్టు, ఏయే రాష్ట్రాలు ముందస్తు అనుమతి పొందాలో నిర్ణయించే సూత్రాన్ని కొట్టివేసింది. పోలింగు కేంద్రంలో ఫోటో గుర్తింపుపత్రం చూపాలన్న మిసిసిపి చట్టం అప్పటివరకు ఆ అనుమతి కోసమే ఎదురుచూస్తూ ఉంది. 2014 జూన్‌లో జరిగిన ఎన్నికలలో రాష్ట్రం దానిని తొలిసారి అమలుచేసింది.