ఇంజిన్‌ను గెలిచి, అప్పులకు ఓడిన రుడాల్ఫ్ డీజిల్

ఖరగ్‌పూర్: రైల్వే కర్మాగారం, డీజిల్ లోకో షెడ్ గల ఈ పట్టణంలో డీజిల్ అన్నది నిత్యవ్యవహారంలోని మాట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉపాధికై వలస వచ్చి, ఇక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పలువురు ఇంజిన్ల మధ్యనే తరతరాలుగా బతుకు సాగించారు. ఆ మాట ఒక జర్మన్ ఇంజనీరు ఇంటిపేరన్న సంగతి, ఆయన 55 ఏళ్ళ వయసులో అప్పుల భారంతో సముద్రం పాలైన సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేవు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో జన్మించారు. తల్లిదండ్రులు బవేరియా మూలాలు గలవారు. తండ్రి తోలు వస్తువులు తయారుచేసే చేతిపనివాడు. 1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో కుటుంబం పారిస్ వదలి లండన్ చేరవలసి వచ్చింది. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో ఆయన శీతలీకరణ శాస్త్రవేత్త కార్ల్ వాన్ లిండే వద్ద చదువుకుని, 1880లో అత్యున్నత శ్రేణిలో పట్టభద్రులయ్యారు.

ఆవిరి యంత్రం వృథాపై పోరు

బొగ్గులోని వేడిలో పదోవంతును మాత్రమే ఆవిరి యంత్రం పనిగా మార్చగలదని, మిగిలినదంతా వృథాయేనని లిండే పాఠాలలో విన్న విద్యార్థికి అదే జీవితకాలపు సమస్య అయింది. గాలిని తీవ్రంగా అదిమితే అది వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి ఇంధనం పంపితే నిప్పురవ్వ అవసరం లేకుండానే మండుతుంది. ఈ సూత్రంపై ఆయనకు 1892 ఫిబ్రవరి 28 తేదీతో జర్మన్ పేటెంటు లభించింది. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం, క్రుప్ సంస్థ ప్రయోగాలకు పెట్టుబడి సమకూర్చాయి.

1893 ఆగస్టు 10న తొలి పరీక్ష జరిగింది. కర్మాగారపు బెల్టుతో యంత్రాన్ని తిప్పి ఇంధనం పంపగానే సిలిండరులో పీడనం 80 అట్మాస్ఫియర్లకు ఎగబాకి, దానిని కొలిచేందుకు బిగించిన ఇండికేటర్ పేలి ముక్కలైంది. ఇంజిన్ స్వయంగా నడవనేలేదు. అయితే గాలి వేడికే ఇంధనం అంటుకుంటుందని రుజువైంది. 1894 ఫిబ్రవరిలో ఇంజిన్ సుమారు నిమిషం పాటు సొంతంగా తిరిగింది. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ జరిపిన అధికారిక పరీక్షలో అది ఇంధన శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చినట్లు తేలింది. ఆనాటి ఆవిరి యంత్రాలు దానికి దరిదాపులలో కూడా లేవు.

మీటర్ల అవసరం

పేలిపోయిన ఆ ఇండికేటర్ నేర్పిన పాఠం నేటికీ చెల్లుతుంది. డీజిల్ ఇంజిన్‌కు ప్రాణమైన పీడనం, వేడిమి కంటికి కనిపించవు. వాటిని కొలత ద్వారానే తెలుసుకోవాలి. అమెరికాకు చెందిన ఆల్కో సాంకేతిక పరిజ్ఞానంతో వారణాసిలో 1964 నుంచి తయారై, ఖరగ్‌పూర్ షెడ్‌కూ చేరిన 2,600 అశ్వశక్తి డబ్ల్యుడిఎం-2 ఇంజిన్లలో లూబ్ ఆయిల్, ఇంధనం, టర్బో గాలి పీడనాలను చూపే మీటర్లు అందుకే ఉన్నాయి.

డీజిల్ పికప్ వాహనాలకు విడిగా మీటర్లు అమర్చుకునే వారికీ వర్తించే సూత్రం ఇదే. ఆయిల్ పీడనం బాగా పడిపోయిన తర్వాతే ఎర్ర దీపం వెలుగుతుంది. మీటరైతే పతనాన్ని ముందుగానే చూపుతుంది. టర్బో పీడనం మీటరుపై గరిష్ఠ అంకె ఇంజిన్ ఇవ్వగల పీడనాన్ని మించి ఉండాలి. ఇంధనం మోతాదు మించితే పొగ వేడెక్కి పిస్టన్లు కరిగే ప్రమాదం ఉన్నందున, బరువుతో ఘాట్ ఎక్కే బండికి పొగ ఉష్ణోగ్రత మీటరు ముఖ్యం. దాని కొసను టర్బోకు ముందు అమర్చితేనే అసలు వేడి తెలుస్తుంది. అయితే అక్కడ రంధ్రం చేసేటప్పుడు లోహపు పొట్టు లోపల మిగిలితే టర్బో రెక్కలు దెబ్బతింటాయి. ఆయిల్‌ను సన్నని గొట్టం ద్వారా క్యాబిన్‌లోకి తెచ్చే మీటరు కన్నా తీగతో సంకేతం పంపే మీటరు సురక్షితం. గొట్టం పగిలితే వేడి ఆయిల్ డ్రైవరుపైనే పడుతుంది.

సంపద, పతనం

1897లోనే అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొనుగోలు చేశారు. మరుసటి ఏడాది ఆగ్స్‌బర్గ్‌లో ఏర్పాటైన సంస్థకు మిగిలిన పేటెంటు హక్కులు బదిలీ అయ్యాయి. నలభయ్యో ఏటనే డీజిల్ లక్షాధికారి అయ్యారు. 1900 పారిస్ ప్రదర్శనలో ఆయన తరహా ఇంజిన్ ఒకటి వేరుశనగ నూనెతో నడిచి ఆసక్తి రేకెత్తించింది. కానీ తొలి విక్రయాలలోని ఇంజిన్లు మొరాయించడంతో కొనుగోలుదారుల నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పేటెంటు వ్యాజ్యాలు ఆయన ఆరోగ్యాన్ని కుంగదీశాయి. మ్యూనిక్‌లో భారీ భవనం, భూముల వ్యాపారంలో నష్టాలు సంపదను హరించాయి. పరీక్షాశాలలో ప్రతి అంశాన్నీ కొలతకు లోబరచిన ఆయన, సొంత జమాఖర్చుల విషయంలో ఆ జాగ్రత్త చూపలేకపోయారు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఇంగ్లండు వెళ్ళేందుకు ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్‌డెన్ అనే ఓడ ఎక్కారు. రాత్రి భోజనానంతరం తన గదికి వెళ్ళిన డీజిల్ తెల్లవారేసరికి కనిపించలేదు. కొద్దిరోజులకు ఒక డచ్ పడవ సిబ్బందికి సముద్రంలో మృతదేహం కనిపించింది. దాని వద్ద లభించిన వస్తువులు తండ్రివేనని కుమారుడు యూజెన్ గుర్తించారు. ఆత్మహత్యా, ప్రమాదమా, హత్యా అన్న వివాదం నేటికీ తేలలేదు. కుటుంబానికి మిగిలింది అప్పులేనని తర్వాత వెల్లడైంది.

తొలి డీజిల్ రైలు ఇంజిన్ పరీక్షలను మాత్రం ఆయన జీవించి ఉండగానే, 1912లో నిర్వహించారు. అర్ధశతాబ్ది తర్వాత ఆ సంతతి భారతీయ రైల్వేలకు వెన్నెముక అయింది. విద్యుదీకరణ విస్తరించడంతో ప్రధాన మార్గాలలో ఆ ఇంజిన్ల పాత్ర తగ్గినా, లారీలలో, ఓడలలో, పొలం పంపులలో డీజిల్ పేరు రోజూ వినిపిస్తూనే ఉంది.