పీహెచ్‌డీ లేని ప్రొఫెసర్... వెలుగును కొత్తగా లెక్కపెట్టిన బోస్

మీ ఫోన్‌కు రోజుకు రెండు జీబీల డేటా వస్తుందనుకోండి. మధ్యాహ్నానికల్లా ఒక జీబీ అయిపోయింది. మరి మిగిలింది మొదటి జీబీయా, రెండో జీబీయా? ఇదేం ప్రశ్న అని నవ్వేస్తారు. వాటికి వేర్వేరు పేర్లు ఉంటే కదా! అక్కడున్నది లెక్క మాత్రమే, మొదటిదీ రెండోదీ అంటూ ఏమీ లేవు.

డేటా సంగతి సరే. మీరు ఇప్పుడు ఈ పేజీ చదువుతున్న వెలుతురు కూడా అంతేనంటే? అందులోని కోటానుకోట్ల కాంతి కణాల్లో ఇది ఫలానాది, అది ఫలానాది అని చెప్పడం మన చేతకానితనం వల్ల కుదరకపోవడం కాదు. అసలు ప్రకృతిలోనే ఆ తేడా లేదు. ఈ సంగతిని మొట్టమొదట లెక్కలో పెట్టి చూపింది ఢాకాలో పాఠాలు చెప్పుకుంటున్న ముప్ఫై ఏళ్ల అధ్యాపకుడు. ఆయనకు పీహెచ్‌డీ లేదు. విదేశీ డిగ్రీ లేదు. పేరు సత్యేంద్రనాథ్ బోస్. పోటీ పరీక్షల జీకేలో బోసాన్ అనే పేరు ఎవరి మీదుగా వచ్చిందంటూ ఒక మార్కు బిట్‌గా మీకు కనిపించే ఉంటారు. ఆ ఒక్క మార్కు వెనక కథ తెలుసుకోదగ్గది.

బోస్ 1894 జనవరి 1న కలకత్తాలో పుట్టారు. తండ్రి సురేంద్రనాథ్ ఈస్ట్ ఇండియన్ రైల్వేలో ఉద్యోగి. ఏడుగురు పిల్లల్లో ఈయనే పెద్ద, ఒక్కడే మగపిల్లాడు. హిందూ స్కూల్లో చదివేటప్పుడు ఒక పరీక్షలో లెక్కల మాస్టారు వందకు నూట పది వేశారని చెబుతారు. ఇచ్చిన లెక్కలు చేయడంతో ఆగకుండా కొన్నింటిని రెండు మూడు పద్ధతుల్లో చేశారట. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్రబోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ లాంటి గురువులు దొరికారు. ఢాకా దగ్గర పల్లెటూరి నుంచి, బాగా పేద కుటుంబం నుంచి వచ్చిన మేఘనాథ్ సాహా క్లాస్‌మేట్. 1913లో బీఎస్సీ, 1915లో ఎమ్మెస్సీ. రెండింట్లోనూ బోస్ ఫస్ట్, సాహా సెకండ్.

యూనివర్సిటీ ఫస్ట్ వచ్చాక ఉద్యోగం ఇంటికొచ్చి తలుపు కొట్టి ఉంటుందనుకుంటున్నారా? అలాంటిదేమీ జరగలేదు. ఎమ్మెస్సీ పూర్తయ్యేలోపే పెళ్లయింది. చేతిలో గోల్డ్ మెడల్ స్థాయి మార్కులున్నాయి, నెల జీతం లేదు. ఏడాది పాటు ట్యూషన్లు చెప్పుకున్నారు. అప్పటి మనదేశంలో భౌతికశాస్త్రం చదివినవాడికి దొరికే ఉద్యోగాలే తక్కువ. ఉన్నవాటిలో పెద్దవి ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లకు.

1916లో కలకత్తా యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో దారి దొరికింది. దాన్ని నడిపిస్తున్న అశుతోష్ ముఖర్జీ ఈ కుర్రాళ్లిద్దరినీ తీసుకున్నారు. చిక్కేమిటంటే, కొత్త ఫిజిక్స్ అంతా జర్మన్‌లో ఉంది. పైగా అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం, జర్మనీ నుంచి పుస్తకాలు రావు. సిలబస్‌లో లేదు, లైబ్రరీలో లేదు, చెప్పేవాళ్లూ లేరు. వాళ్లు జర్మన్ నేర్చుకున్నారు. శిబ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసే బ్రూల్ అనే ఆయన దగ్గర పుస్తకాలు ఉన్నాయని తెలిసి, అరువు తెచ్చుకుని చదివారు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంత వ్యాసాలను బోస్, సాహా కలిసి ఇంగ్లిష్‌లోకి అనువదిస్తే 1920లో కలకత్తా యూనివర్సిటీ అచ్చు వేసింది. అప్పటికి ఇద్దరికీ ముప్ఫై దాటలేదు.

పాఠం దగ్గర వచ్చిన అనుమానం

1921లో ఢాకాలో కొత్త యూనివర్సిటీ మొదలైంది. బోస్ అక్కడ రీడర్‌గా చేరారు. రీడర్ అంటే ఇప్పటి అసోసియేట్ ప్రొఫెసర్ లాంటి పోస్టు. కర్జన్ హాల్‌లో ఎమ్మెస్సీ విద్యార్థులకు పాఠాలు చెప్పేవారు. ఆ పాఠాల్లో ఒకటి ఆయనకు గొంతులో ముల్లులా గుచ్చుకునేది.

ఆ పాఠం ఏమిటో చూద్దాం. కొలిమిలో పెట్టిన ఇనుము ముందు ఎర్రగా, తర్వాత పసుప్పచ్చగా, ఇంకా వేడెక్కితే తెల్లగా మెరుస్తుంది. ఎంత వేడి దగ్గర ఏ రంగు వెలుగు ఎంత వస్తుందో చెప్పే సూత్రాన్ని 1900లో మాక్స్ ప్లాంక్ కనిపెట్టారు. శక్తి నీటిధారలా కాకుండా చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందని ఊహిస్తే తప్ప ఆ సూత్రం కుదరలేదు. క్వాంటం ఫిజిక్స్ పుట్టింది అక్కడే. సూత్రం ప్రయోగాలతో చక్కగా సరిపోయింది. కానీ దాన్ని సాధించే తీరులో సగం కొత్త క్వాంటం ఊహ, సగం పాత తరంగ సిద్ధాంతం. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. జవాబు కరెక్టే, స్టెప్పులే అతుకుల బొంత.

మనలో చాలామంది అయితే పరీక్షకు అదే రాసేసి వచ్చేస్తాం. బోస్‌కు మాత్రం తనకే నమ్మకం కుదరనిదాన్ని బోర్డు మీద రాయడం మింగుడు పడలేదు. 1924లో ఢాకా వచ్చిన సాహా ఈ విషయం మీద ఐరోపాలో వచ్చిన కొత్త పేపర్ల గురించి చెప్పారు. ఆ మాటలతో బోస్ మళ్లీ కూర్చున్నారు. తరంగాల సంగతి పూర్తిగా పక్కన పెట్టేశారు. వెలుగు అంటే కణాల గుంపు అనుకుందాం, ఆ కణాలు ఎన్ని రకాలుగా సర్దుకోగలవో లెక్కపెడదాం, అంతే. ఇది అప్పట్లో చిన్న సాహసం కాదు. కాంతి కణాలను నమ్మని పెద్ద శాస్త్రవేత్తలు చాలామందే ఉన్నారు. ఫోటాన్ అన్న పేరు కూడా ఇంకా వాడుకలోకి రాలేదు.

ఇక అసలు కిటుకు లెక్కపెట్టే తీరులో ఉంది. దీన్ని ఒక హాస్టల్‌తో చెబుతాను. రెండు గదులున్నాయి. రాము, సోము అనే కవలలు చేరడానికి వచ్చారు. ఎవరు ఏ గదిలోనైనా ఉండొచ్చు, ఇద్దరూ ఒకే గదిలోనూ సర్దుకోవచ్చు. ఎన్ని ఏర్పాట్లు వీలవుతాయి? ఇద్దరూ ఒకటో గదిలో. ఇద్దరూ రెండో గదిలో. రాము ఒకటిలో, సోము రెండులో. సోము ఒకటిలో, రాము రెండులో. మొత్తం నాలుగు. వార్డెన్‌కు వాళ్లలో ఎవరెవరో తెలియకపోయినా సరే, నాలుగే. ఎందుకంటే రాము రామూయే, సోము సోమూయే.

కాంతి కణాలకు బోస్ వేసిన లెక్కలో మాత్రం చివరి రెండు ఏర్పాట్లూ వేరు కావు. ఒక గదిలో ఒకటి, ఇంకో గదిలో ఒకటి ఉన్నాయి, అక్కడితో మాట అయిపోయింది. కాబట్టి మొత్తం మూడే. నాలుగు మూడైతే ఏం మునిగిపోయింది అంటారా? ఇద్దరూ ఒకే గదిలో ఉండే అవకాశం పాత లెక్కలో నాలుగింట రెండు, అంటే సగం. కొత్త లెక్కలో మూడింట రెండు. అంటే ఈ కణాలు ఒకదాని మీద ఒకటి ప్రేమ ఉన్నట్టు, ఒకే చోట పోగుపడటానికి మొగ్గు చూపుతాయి. మధ్యలో వాటిని లాగే బలం ఏదీ లేదు. కేవలం విడి పేరు లేకపోవడం వల్ల వచ్చిన మొగ్గు అది!

ఈ లెక్కతో ప్లాంక్ సూత్రం అతుకుల్లేకుండా వచ్చేసింది. ప్రకృతి నిజంగానే ఇలా లెక్కపెడుతోందన్నమాట. చూడండి, అనాదిగా మనకున్న నమ్మకం ఏమిటి? ఏ రెండు వస్తువులైనా, ఎంత ఒకేలా ఉన్నా, ఇది ఇదే, అది అదే. రెండు బియ్యపు గింజలైనా సరే. ప్రపంచపు అట్టడుగున ఆ నమ్మకం చెల్లదని నాలుగు పేజీల పేపర్ చెప్పేసింది. తమాషా ఏమిటంటే, తాను అంత పెద్ద మాట చెబుతున్నానని అప్పుడు బోస్‌కే పూర్తిగా తెలియదు. తను చేసింది అంత కొత్తదని గుర్తించలేదని తర్వాతి కాలంలో ఆయనే ఒప్పుకున్నారు.

ఢాకా నుంచి బెర్లిన్‌కు ఓ ఉత్తరం

ఆ పేపర్‌ను ముందు ఇంగ్లండ్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌కు పంపారు. 1918లో బోస్, సాహా రాసిన పేపర్‌ను వేసిన జర్నలే అది. ఈసారి మాత్రం అక్కడ అచ్చు కాలేదు. 1924 జూన్ 4న బోస్ దాన్ని నేరుగా ఐన్‌స్టీన్‌కే పోస్టు చేశారు. పరిచయం లేదు, సిఫార్సు లేదు. చదివి చూడండి, బాగుందనిపిస్తే జర్మన్ జర్నల్‌లో వేయించండి, అనువదించేంత జర్మన్ నాకు రాదు అని అడిగారు. అంటే ప్రపంచంలోకెల్లా పేరున్న శాస్త్రవేత్తను అనువాదకుడిగా పని చేసిపెట్టమన్నారు! సంకోచం లేకుండా ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పారు: మిమ్మల్ని చూడకపోయినా మీ రాతల ద్వారా మేమంతా మీ శిష్యులమే అని.

ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి మార్చి, ఇది ముఖ్యమైన ముందడుగు అని తన మాట కూడా జోడించి, ఆ ఏడాదే అక్కడి ప్రసిద్ధ భౌతికశాస్త్ర పత్రికలో వేయించారు. బోస్‌కు జూలైలో ఓ పోస్టుకార్డు రాశారు. విదేశాల్లో చదువుకోవడానికి బోస్ పెట్టుకున్న సెలవు అర్జీ ఢాకాలో నానుతూ ఉంది. ఆ కార్డు చూపించగానే పని జరిగిపోయింది, రెండేళ్ల సెలవు దొరికింది. జర్మన్ వీసాకు రుసుము కూడా తీసుకోలేదట. బోస్ రెండో పేపర్ కూడా పంపారు. అదీ అచ్చయింది కానీ, దాని కింద ఐన్‌స్టీన్ తన అభ్యంతరాలు రాసి మరీ వేయించారు. పొగడ్త పొగడ్తే, లెక్క లెక్కే.

పారిస్‌లో బోస్ మేడమ్ క్యూరీని కలిశారు. ఇంతకుముందు వచ్చిన ఒక భారతీయ విద్యార్థి భాష రాక ఇబ్బంది పడ్డాడనీ, అందుకని ముందు కొన్ని నెలలు ఫ్రెంచ్ నేర్చుకుని రమ్మనీ ఆమె చెప్పారు. బోస్‌కు ఫ్రెంచ్ వచ్చు! ఆ మాట చెప్పలేక, మొహమాటంతో బయటికి వచ్చేశారు. ఇంటర్వ్యూలో నోరు పెగలని అనుభవం మీకుంటే ఈయన బాధ మీకు అర్థమవుతుంది. తర్వాత మోరిస్ డి బ్రోలీ ప్రయోగశాలలో ఎక్స్‌రే పద్ధతులు నేర్చుకున్నారు. 1925లో బెర్లిన్ వెళ్లి ఐన్‌స్టీన్‌ను కలిశారు. ఐరోపాలో క్వాంటం మెకానిక్స్ పుట్టిన నెలలవి. దాని మధ్యలోనే ఉండి కూడా ఆ రెండేళ్లలో బోస్ మరో పెద్ద పేపర్ రాయలేదు.

1926లో ఢాకాకు తిరిగి వచ్చేనాటికి ప్రొఫెసర్ పోస్టు ఖాళీ. కానీ పీహెచ్‌డీ లేదు. స్నేహితులు ఐన్‌స్టీన్ దగ్గర సిఫార్సు తెచ్చుకోమన్నారు. ఆయన పనిమీద ప్రపంచమంతా చర్చిస్తుంటే మళ్లీ ఈ కాగితం దేనికని ఐన్‌స్టీన్ ఆశ్చర్యపోయారట, అయినా ఇచ్చారు. ఇంత జరిగాకా కమిటీ మొదటి పేరుగా బెర్లిన్‌లో పీహెచ్‌డీ చేసిన దేవేంద్ర మోహన్ బోస్‌ను ఎంచుకుంది. ఆయన రానన్నాకే మన బోస్‌కు ఆ కుర్చీ దక్కింది. 1927 నుంచి ప్రొఫెసర్. బోస్ లెక్కను ఐన్‌స్టీన్ అప్పటికే అణువులకు కూడా వర్తింపజేసి, దాని మీద పేపర్లు వెలువరించారు. అంత పని చేసినవాడు ఊళ్లో సెకండ్ ఛాయిస్!

అదే సమయంలో పౌలీ, ఫెర్మీ, డిరాక్‌లు కణాల్లో రెండో కుటుంబం ఉందని తేల్చారు. ఎలక్ట్రాన్లు ఆ కుటుంబానివి. వాటికీ విడి పేర్లు లేవు, కానీ ఒక గదిలో రెండు ఉండనే ఉండవు. మన హాస్టల్‌లో వాటికి ఒక్కటే ఏర్పాటు, గదికొకటి. మీరు కూర్చున్న కుర్చీ గట్టిగా ఉండటానికి, మీరు అందులోకి దిగిపోకపోవడానికి మూలకారణం ఎలక్ట్రాన్ల ఈ పట్టుదలే. పోగుపడే మొదటి కుటుంబానికి బోసాన్లు అని పేరు పెట్టింది డిరాక్. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ దగ్గర బార్‌కోడ్‌ను చదివే ఎర్రటి లేజర్ గీత, మీ వీధిలోని ఫైబర్ ఇంటర్నెట్‌లో పరుగెత్తే వెలుగు, రెండూ బోసాన్ల ఆ మొగ్గు పుణ్యమే. ఆ డిరాక్ కలకత్తా వచ్చినప్పుడు బోస్ ఆయన్నీ భార్యనూ కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, ముందు సీట్లో తనతోపాటు విద్యార్థులను ఇరికించారట. ఇరుకుగా లేదా అని డిరాక్ అడిగితే, మేం బోస్ లెక్కను నమ్మేవాళ్లం అన్నారని ఓ సరదా కథ.

మిగతా జీవితం గబగబా చెప్పేయొచ్చు. దేశ విభజనకు ముందు కలకత్తాకు తిరిగి వచ్చారు. 1948లో బెంగాలీలో సైన్స్ చెప్పడానికి వంగీయ విజ్ఞాన్ పరిషత్ పెట్టి పత్రిక నడిపారు. అమ్మభాషలో ఫిజిక్స్ చెప్పడం కుదరదనే వాళ్లతో జీవితాంతం వాదిస్తూనే ఉన్నారు. ఎస్రాజ్ వాయించేవారు. రాజ్యసభ సభ్యత్వం, పద్మ విభూషణ్, జాతీయ ప్రొఫెసర్ హోదా వచ్చాయి. నోబెల్ రాలేదు. పేర్లు ప్రతిపాదించినవాళ్లున్నా కమిటీ ఒప్పుకోలేదు. ఆయన పేపర్లు మొత్తం కలిపినా రెండు డజన్లకు అటూ ఇటూ. పేపర్ల సంఖ్యను బట్టి మార్కులు వేసే నేటి సెలక్షన్ కమిటీల ముందు బోస్ నిలబడితే ఏమయ్యేదో నాకైతే అనుమానమే. 1974 ఫిబ్రవరి 4న, ఎనభై నిండిన నెల రోజులకు కన్నుమూశారు.

ఒక్కటి మిగిలిపోయింది. బోస్ లెక్కను అణువులకు వర్తింపజేసిన ఐన్‌స్టీన్, వాటిని విపరీతంగా చల్లబరిస్తే అన్నీ ఒకే స్థితిలోకి జారుకుని, విడివిడి ఉనికి పోగొట్టుకుంటాయని అప్పుడే చెప్పారు. దాన్ని చూడటానికి కావలసిన చలి డెబ్బై ఏళ్ల దాకా ఎవరికీ సాధ్యం కాలేదు. అమెరికాలోని బౌల్డర్‌లో ఎరిక్ కోర్నెల్, కార్ల్ వీమన్ బృందం సుమారు రెండు వేల రుబీడియం అణువులను పరమశూన్య ఉష్ణోగ్రతకు పైన, డిగ్రీలో కోటి వంతుకు రెండింతలకన్నా తక్కువ దూరంలోకి తెచ్చింది. అణువులన్నీ కలిసి ఒకే ఒక్కటిగా మారిన ఆ మచ్చ తెర మీద కనిపించింది 1995 జూన్ 5న. ఢాకాలో బోస్ ఆ ఉత్తరం రాసి అప్పటికి సరిగ్గా 71 ఏళ్ల ఒక రోజు.