రెండు పట్టకాల మధ్య గాలి

జగదీశ్ చంద్ర బోస్ అనగానే మనలో చాలామందికి మొక్కలే గుర్తొస్తాయి. స్కూల్లో ఆయన గురించి ఒక్క పేరా చదివి పేజీ తిప్పేశాం కదా! కానీ మన ఈసీఈ వాళ్ళు చదవాల్సిన బోస్ ఇంకొకరున్నారు.

ఆయన 1858 నవంబర్ 30న బెంగాల్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వ అధికారి. తలుచుకుంటే ఇంగ్లీషు బడిలో వేయగలరు. కానీ ముందు అమ్మభాష రావాలని కొడుకుని బెంగాలీ బడికే పంపారు. అక్కడ పక్కన కూర్చునేది జాలరి కొడుకు, నాన్న దగ్గర పనిచేసే జవాను కొడుకు. తర్వాత కలకత్తా సెయింట్ జేవియర్స్. ఆపైన మెడిసిన్ కోసం లండన్ వెళ్ళారు, ఆరోగ్యం కుదరక అది మానేసి కేంబ్రిడ్జిలో సైన్స్ చదివారు. అక్కడి గురువుల్లో లార్డ్ రాలీ ఒకరు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగమొచ్చింది. చెప్పే పాఠాలు అవే అయినా యూరోపియన్ల కంటే జీతం తక్కువ. బోస్ గొడవ చేయలేదు, పని మానలేదు. జీతం మాత్రం ముట్టుకోలేదు. ఒక నెల కాదు, మూడేళ్ళు! ఇంట్లో తండ్రి అప్పులు నెత్తిమీద ఉన్నాయి. ఆ మధ్యలోనే పెళ్ళి కూడా అయింది. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి పూర్తి జీతం బకాయిలతో సహా ఇచ్చింది. ఆ డబ్బు అప్పులు తీర్చడానికి వెళ్ళింది.

జీతమైతే వచ్చింది గానీ ల్యాబ్ లేదు. బాత్రూమ్ పక్కనున్న చిన్న గదినే ల్యాబ్ చేసుకున్నారు. పరికరాలు చేసిపెట్టింది ఓ రేకు పనివాడు. రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి పోలరైజర్ తయారుచేశారంటే చూడండి! హెర్ట్జ్ తరంగాలు పెద్దవి, చిన్న గదిలో ఇమడవు. అందుకే బోస్ అర సెంటీమీటరు దాకా చిన్నవైన తరంగాలు పుట్టించారు. 1895లో కలకత్తా టౌన్‌హాల్‌లో ఆ తరంగాలు గోడలు దాటి వెళ్ళి గంట మోగించాయి.

1897లో చేసిన ప్రయోగం మనకి ముఖ్యం. రెండు గాజు పట్టకాలు ఎదురెదురుగా పెట్టారు, మధ్యలో గాలి. దూరం ఎక్కువుంటే సంపూర్ణాంతర పరావర్తనం జరిగి తరంగం మొత్తం వెనక్కి తిరుగుతుంది. దగ్గరికి జరిపితే, తగలకపోయినా, కొంత తరంగం ఖాళీని దాటి రెండో పట్టకంలోకి వెళ్ళిపోతుంది. కాంతితో ఈ వింతని న్యూటన్ ముందే గమనించారు. అయితే కాంతి విషయంలో ఆ ఖాళీ కంటికి ఆనదు. మిల్లీమీటర్లలోకి తెచ్చి స్కేలుతో కొలిచేలా చేసింది బోస్.

ఇప్పుడు సిలికాన్ ఫోటోనిక్ స్విచ్ చూద్దాం. డేటా సెంటర్లో సర్వర్ల మధ్య కాంతి తిరుగుతుంటుంది. దారి మార్చాల్సిన ప్రతిచోటా దాన్ని కరెంటుగా మార్చి, మళ్ళీ కాంతిగా మార్చితే పవర్ దండగ. అందుకని కాంతినే నేరుగా మళ్ళించాలి. సిలికాన్ వక్రీభవన గుణకం దాదాపు 3.5, చుట్టూ ఉన్న సిలికాన్ డయాక్సైడ్‌ది 1.45 దరిదాపు. కాబట్టి కాంతి సిలికాన్ దారిలోనే పోతుంది, కొద్ది క్షేత్రం మాత్రం అంచు బయటికి తొంగిచూస్తుంది. ఇంకో వేవ్‌గైడ్‌ని బాగా దగ్గరికి తెస్తే అందులోకి దూకుతుంది. కొన్ని మెమ్స్ స్విచ్‌లలో వోల్టేజీ ఇచ్చి ఆ వేవ్‌గైడ్‌నే కదుపుతారు. దూరమైతే కాంతి నేరుగా పోతుంది, దగ్గరైతే మలుపు తిరుగుతుంది. అచ్చం ఆ పట్టకాల ఆటే! కాకపోతే 1.55 మైక్రాన్ల కాంతి బోస్ తరంగం కంటే సుమారు మూడు వేల రెట్లు చిన్నది. చిప్ చేసినవాళ్ళు బోస్‌ని చూసి చేశారని కాదు, ఇద్దరినీ నడిపించిన భౌతిక సూత్రం ఒక్కటే.

గెలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టర్‌కి 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది. సెమీకండక్టర్ పరికరాలకు వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి. అదీ స్నేహితుల బలవంతం మీద తీసుకున్నదే. విజ్ఞానం అమ్ముకునే సరుకు కాదన్నది ఆయన నమ్మకం, అందుకే గడువు తీరినా పట్టించుకోలేదు. ఆ తర్వాత మొక్కల వైపు మళ్ళారు. 1917లో, తన పుట్టినరోజున, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. 1937 నవంబర్ 23న గిరిడీలో కన్నుమూశారు.

న్యాయంగా రావాల్సిన జీతం కోసం మూడేళ్ళు పట్టుబట్టిన మనిషే, కోట్లు తేగలిగిన పేటెంట్‌ని వదిలేశారు. ఒకటి హక్కు, రెండోది లాభం. ఆ రెంటి మధ్య తేడా ఆయనకి బాగా తెలుసు. ఈసారి ల్యాబ్‌లో పరికరం లేదని ప్రయోగం ఎగ్గొట్టాలనిపిస్తే, ఆ రైల్వే టైమ్‌టేబుల్‌ని ఒక్కసారి తలుచుకుందాం.