రెండు పసుపు మాత్రలు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

వార్షికోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు మాకు వేరే పేరు తోచలేదు. కారణం మా ఇంట్లోనే ఉంది. మా అమ్మకు కీళ్ళవాతం. వేళ్ళు వాచిపోయి నాట్లకు పోలేక ఇంటిపట్టునే ఉంటోంది. డాక్టరు గారు రెండు మాత్రలు రాశారు. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి. రెండోది ఫోలిక్ యాసిడ్. రెండూ చిన్నవే, రెండూ పసుపు రంగువే. ఈ రెండింటి వెనుకా ఉన్నది భీమవరంలో పుట్టిన ఒకే మనిషి అని ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాకే మాకు తెలిసింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న జన్మించారు. చిన్నప్పుడు చదువు మీద అంత శ్రద్ధ లేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోతే తల్లి వెంకమ్మ గారు పట్టి వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. (టెన్త్ ఒకసారి తప్పి గదిలో తలుపేసుకున్న తమ్ముళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవాలి.) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది.

చదువుకునే రోజుల్లోనే ఆయన ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. దీన్నే మన పెద్దలు సంగ్రహణి అనేవారు. తిన్నది ఒంటబట్టదు, రక్తం పాలిపోతుంది. అప్పట్లో దానికి మందు లేదు.

ఆయనది కటిక పేదరికం నుంచి ఒంటరిగా ఎదిగిన కథగా చెబుతుంటారు. మాకు అది పూర్తిగా నిజమనిపించదు. మామగారు డబ్బు సమకూర్చారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. అలా 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. అక్కడ మాత్రం కష్టం ఆయనదే. హార్వర్డులో చదువుతూ రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. మా ల్యాబులో మేము చేసిన ప్రాక్టికల్ అదే. 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అయినా హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఇక అసలు విషయం. మన రక్తకణాలన్నీ, రోగాలతో పోరాడే తెల్లకణాలతో సహా, ఎముకల లోపలి మూలుగలో మూలకణాల నుంచి పుడతాయి. కణం రెండు కావాలంటే ముందు లోపలి డీఎన్ఏకి నకలు తీయాలి. దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. మూలుగలో రేయింబవళ్ళు కణాలు పుడుతూనే ఉంటాయి కాబట్టి అది తక్కువైతే మొదటి దెబ్బ అక్కడే. కణాలు ఉబ్బుతాయి గానీ సరిగా విడిపోవు. 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణుల రక్తహీనత చూసిన లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, ఈస్ట్ సారంలో దాన్ని నయం చేసే పదార్థమేదో ఉందని గుర్తించారు. సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేసింది. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు అలా మందు దొరికింది.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లలను చూసేవారు. ఆ జబ్బులో తెల్లకణాలు ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయి, పనికిరాని పచ్చికణాలుగానే మూలుగంతా నిండిపోతాయి. వాళ్ళకు ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. అయితే దాన్ని అందకుండా చేస్తే? లెడర్లీ బృందం ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ దాని పని చేయని అమినోప్టెరిన్‌ను తయారు చేసి ఇచ్చింది. కణం దాన్ని అసలుదనుకొని తీసుకుంటుంది, విభజన ఆగిపోతుంది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అది కొన్ని నెలలే నిలిచింది, మళ్ళీ తిరగబెట్టింది. కానీ అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడుతున్నారు. సొంత కీళ్ళ మీదే దాడిచేసే తెల్లకణాల జోరు తగ్గించడానికి చిన్న మోతాదులో మా అమ్మలాంటి వాళ్ళకూ ఇస్తున్నారు.

బోదకాలు నివారణకు ఊళ్ళో ఏటా మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం తెచ్చినదే.

ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు. భార్య శేషగిరి గారిని మళ్ళీ చూడలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. గొప్పవాళ్ళ జీవితాలు రాసేవారు ఈ సంగతి ఒక్క ముక్కలో దాటేస్తారు. మాకు మాత్రం ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసిన ఆ తల్లే గుర్తొస్తూ ఉంటుంది. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించారు. వయసు 53. మన తపాలా శాఖ 1995లో ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్తే, చదువురాని మా అమ్మ రెండు మాత్రలూ ఒకటేననుకొని మెథోట్రెక్సేట్ వరుసగా రెండు రోజులు వేసుకుంది. వారం మాత్రను రోజూ మింగితే మూలుగ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాము. అదృష్టం, ఏమీ కాలేదు. ఇప్పుడు ఆ అట్టకు ఎర్రదారం కట్టాము, ఆదివారం నాడే విప్పాలని చెప్పాము. మీ ఇళ్ళల్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఆ చీటీ మీరే చదివి వినిపించండి.